అత్తగారి పాస్‌వర్డ్

"ఫోన్లో, ట్యాబ్‌లో, మన టైలరింగ్ షాపు కంప్యూటర్లో, మూడింట్లోనూ పనిచేసే యాప్ ఇదొక్కటే అత్తయ్యా. పాస్‌వర్డ్‌లన్నీ ఇదే గుర్తుపెట్టుకుంటుంది. మీవి చెప్పండి, ఎక్కిస్తాను," అంది కోడలు.

అత్తగారు కత్తెర పక్కన పడేసి ఫోను లాక్కుంది. "నేనే కొడతాలే. నువ్వటు తిరుగు! కాజాలే తిన్నగా కుట్టలేవు, నీకెందుకివన్నీ?"

కోడలు మూతి ముడుచుకుని అటు తిరిగింది. అత్తగారు ఫోన్లో కొట్టిన మాట మరుక్షణమే కోడలి చేతిలోని ట్యాబ్‌లో ప్రత్యక్షమైంది.

'మాకోడలుబంగారం.'

కింద ఎర్రక్షరాల్లో హెచ్చరిక: 'దీన్ని ఎవరైనా ఇట్టే కనిపెట్టేస్తారు.'

కోడలు పగలబడి నవ్వింది. "ఆరేళ్లుగా నేనే కనిపెట్టలేకపోయాను కదా అత్తయ్యా!"

అత్తగారు ట్యాబ్‌లోకి తొంగిచూసి నాలుక కరుచుకుంది.

"నీకు తెలిసిపోయాక ఇంకెందుకది? ముందు మార్చెయ్!"