ప్రార్థన లేని కుండీ

"స్కేలు ఇటివ్వమ్మా. నువ్వు కొలిస్తే నీ వైపే మొగ్గుతుంది," అన్నారు మామగారు.

కోడలు ఇచ్చేసింది. విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో ఆమెది ఉద్యోగం. అక్కడ ఈ మాట ఇంకెవరైనా అనుంటే ఊరుకునేది కాదు. ఇక్కడ ఊరుకుంది. ఫలితం కొలవకుండానే కనిపిస్తోంది.

కిటికీ గట్టు మీద రెండు కుండీలు. ఒకే పొట్లంలోని చిక్కుడు గింజలు, ఒకే మట్టి, ఒకే గ్లాసుతో నీళ్ళు. ఎండలో తేడా రాకుండా ఆమె రోజూ కుండీల చోటు మార్చింది. సుద్దతో గుర్తు పెట్టిన కుండీ మీద మామగారు రోజూ చెయ్యి ఉంచి ప్రార్థించారు. రెండోదాన్ని కన్నెత్తి చూడలేదు. గుర్తున్న కుండీ గెలిస్తే, మనిషి కోతి జాతిలోంచి వచ్చాడని ఆమె తన కూతురికి చెప్పడం మానెయ్యాలి. గెలవకపోతే, తెల్లారకముందే గొంతెత్తి భక్తి పాటలు పాడడం ఆయన మానెయ్యాలి. ఇదీ పందెం.

గుర్తున్న కుండీలో మొక్కలు బెత్తెడు ఉన్నాయి. రెండోదాంట్లో జానెడు దాటాయి. మామగారు స్కేలు తిప్పి పట్టుకుని మళ్ళీ కొలిచారు.

"దేవుడు నన్ను పరీక్షిస్తున్నాడమ్మా."

"పరీక్ష పెట్టింది నేను మామయ్యా."

"సరే, గెలిచావు. మాటంటే మాటే. రేపట్నుంచి పాట లేదు." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఒక్కటి చెప్పు. ఆయన వినలేదా, అసలు లేడా?"

"ఒక్క కుండీతో అంత పెద్ద సంగతి తేలదు మామయ్యా."

"మరి కోతి సంగతి ఎలా తేలింది?"

"దానికి ఎముకలు దొరికాయి."

ఆయన స్కేలు కోడలి చేతికి తిరిగిచ్చేశారు.

గెలిచిన సంతోషం కోడలికి నిలవలేదు. రెండు కుండీలూ సమానంగా రావాలి. ప్రార్థనకి బలం లేదంటే ఇంత తేడా ఉండకూడదు. మట్టి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. ఎరువు జాడ లేదు. తిన్నగా వంటింట్లోకి నడిచింది. అత్తగారు గిన్నెలు తుడుస్తోంది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. గుర్తులేని కుండీలో ఏం వేశారు?"

"ఏమీ వెయ్యలేదు తల్లీ, ఒట్టు."

"నీళ్ళేమైనా ఎక్కువ పోశారా?"

"నీ కుండీల్ని వేలితో కూడా ముట్టుకోలేదు. నాకు తెలీదా, నువ్వు గోల చేస్తావని?"

"మరి అంత ఏపుగా ఎలా పెరిగాయి? నా చదువు ప్రకారం అలా పెరగకూడదు."

అత్తగారు హాల్లోకి తొంగిచూసింది. వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నా పెళ్ళయినప్పట్నుంచీ తెల్లవారుజామున కంటినిండా నిద్రపోయింది లేదు. అందుకే గుర్తులేని కుండీ కోసం రోజూ మనసులో ప్రార్థించాను. ఆయనకి మాత్రం చెప్పకే. ప్రార్థన ఫలించిందని తెలిస్తే, రేపే మళ్ళీ పాట ఎత్తుకుంటారు!"