తెలీదన్నావిడ

"మీ పేరు కింద ఏమని వెయ్యమంటారండీ?" అడిగింది చిన్ని.

టీవీ చానల్‌కి వచ్చే అతిథుల్ని కూచోబెట్టి, వేళకి స్టూడియోలోకి పంపడం ఆమె పని.

ఆ నెరిసిన జుట్టావిడ చెప్పుల బురద దులుపుకుంటూ, "నీళ్ళు పరీక్ష చేస్తుంటానని వెయ్యమ్మా, చాలు" అంది.

చిన్ని మనసు మనసులో లేదు. పొద్దెక్కిన దగ్గర్నుంచీ ఊళ్ళో కుళాయి నీళ్ళు కిరసనాయిలు కంపు. కొట్లలో సీసా నీళ్ళు దొరకడం లేదు. ఇంట్లో పాలు తాగే పాప. పాలపొడి ఏ నీళ్ళతో కలపనే అంటూ అమ్మ ఒకటే ఫోన్లు.

"ఆ నీళ్ళు పసిపిల్లకి పట్టొచ్చాండీ?"

"తెలీదమ్మా."

"పోనీ, కాచి?"

"కాస్తే పోయే రకమో కాదో అదీ తెలీదు. రేపటికి తేలుతుంది. అందాకా పట్టకు."

తలుపు దగ్గర నిలబడి విన్న ప్రొడ్యూసరు చిన్నిని పక్కకి పిలిచాడు.

"తెలీదు తెలీదు అనడానికి ఆవిడెందుకు? ఆ ముక్క నేనూ చెప్తా. పంపించెయ్. డాక్టరేటాయన వస్తున్నాడు. గొంతు కంచు!"

ఆవిడ నొచ్చుకోలేదు. "పట్టకు తల్లీ" అని మళ్ళీ చెప్పి మెట్లు దిగింది.

డాక్టరేటాయన వచ్చాడు. కోటు నలగలేదు. పేరు కింద 'ప్రముఖ జలశాస్త్ర నిపుణుడు' అని పట్టీ పడింది.

"పుకార్లు నమ్మకండి. నిక్షేపంగా తాగొచ్చు!" అంటూ ఎదురుగా ఉన్న గ్లాసెత్తి గటగటా తాగి చూపించాడు.

ఆ గ్లాసులో తను పోసింది ఆఫీసువాళ్ళు కొన్న సీసా నీళ్ళని చిన్నికి తట్టనే లేదు. గుండె మీంచి బండ దించినట్టయి, ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, విన్నావుగా? కలిపి పట్టెయ్."

"వింటూనే పట్టేశానే. గుక్కపట్టి ఏడుస్తుంటే ఎంతసేపని చూడను? సీసా ఖాళీ చేసి పడుకుంది, బంగారుకొండ."

కార్యక్రమం అయ్యాక ఆయన కోటుకున్న మైకు తీస్తూ అడిగాడు.

"మా మేడమ్ మెట్ల మీద ఎదురయ్యారు. ముందే మాట్లాడేశారా?"

"లేద్సార్, పంపించేశాం. ఏమడిగినా తెలీదన్నారు."

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"తెలీదన్నారా? ఆవిడా?"

"రేపటిదాకా తాగొద్దని కూడా..."

ఆయన మాట పూర్తి కానివ్వలేదు. జేబులోంచి ఫోన్ లాగాడు.

"ఒసే, ఇంట్లో ఎవరూ కుళాయి నీళ్ళు ముట్టుకోకండి. పిల్లలకి కూడా చెప్పు!"

"సార్... మా పాప తాగేసింది సార్. మీరు చెప్పారనే..." అంది చిన్ని.

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"ఆవిడ వద్దన్నట్టు నా చెవిన పడలేదు కదా అన్న ధైర్యంతోనే తాగొచ్చన్నానమ్మా. ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే నీళ్ళు పరీక్ష చేసి, ఇక ఊరికి వదలండి అని చెప్పే మనిషి ఆవిడే."