లేవని సుక్కమ్మ

ఇప్పుడు ఏ బడిలోనూ పుస్తకాలు లేవు. పాఠంలోని మనుషులే వెలుగుబొమ్మలై గదిలోకి వస్తారు. పిల్లలంతా లేచి నిలబడి దండం పెడితేనే బొమ్మ నోరు విప్పుతుంది.

మా కొండమీది బడిలో ఆ రోజు మూడో తరగతికి గిరిజన నాయకురాళ్ల పాఠం. ఆ కొత్త పాఠం బొమ్మను వెంట తెచ్చి, అది ఎలా జరుగుతుందో చూడడానికి తనిఖీ అధికారి కూడా వచ్చాడు.

వెలుగులోంచి తాడంగి సుక్కమ్మ వచ్చింది. మా ఊరి మనిషే, ఇప్పుడు లేదు. బతికుండగా ఏనాడూ కట్టని పట్టుచీర కట్టించి, మెడలో దండ వేసి, మైకు ముందు నిలబెట్టారు. నాకు ఒళ్లు మండింది.

పిల్లల్లో ఒక్కరూ లేవలేదు.

"టీచరమ్మా, లేపండి వీళ్లని," అన్నాడు అధికారి నాతో.

సుక్కమ్మ మనవరాలు మిన్నారి కూర్చున్నచోటు నుంచే చెప్పింది. "మా అవ్వ ఇలాగ నిల్చోనేదు సార్. కొండ తవ్వడానికి మిషన్లొస్తే దారికడ్డంగా కూకుండిపోనాది. పోలీసులు లెగమన్నా లెగనేదు. మిషన్లే ఎనక్కెల్లిపోనాయి."

"అదంతా పాఠంలో లేదు. మీరు లేవకపోతే బొమ్మ మాట్లాడదు." అతను నావైపు తిరిగాడు. "పాఠం జరగలేదని రాస్తాను. తర్వాత మీ ఉద్యోగం మీరే చూసుకోండి."

సుక్కమ్మ దారికి అడ్డం కూర్చున్ననాడు, ఆమె పక్కన మా అమ్మ ఒళ్లో నేనూ ఉన్నాను. వెళ్లి మిన్నారి పక్కన నేలమీద కూర్చున్నాను.

"మీకు నచ్చింది రాసుకోండి సార్. మా పాఠం అవుతోంది."

ఇక ఆ గదిలో నిలబడి ఉన్నది అధికారి, అతను తెచ్చిన బొమ్మ, అంతే.