ఇంటి టాకీసు

"గోడలు పగలగొట్టాల్సిందే సార్. వేరే దారి లేదు," అని చేతులెత్తేసి, హైదరాబాద్ నుంచి వచ్చిన సౌండు ఇంజనీరు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు.

కాంట్రాక్టర్ కిషన్ రావు మెట్ల మీద కూలబడ్డాడు. ఊళ్ళో కలర్ టీవీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్న రోజులవి. అలాంటిది, సిమెంటు బస్తాల కోసం కొత్త ఇంటి కింద కట్టించిన నేలమాళిగకు రంగులేయించి, నాపరాళ్ళు పరిపించి, ఇరవై కుర్చీలు, పెద్ద కలర్ టీవీ, వీసీఆర్, మనిషెత్తు స్పీకర్లు రెండు పెట్టి ఏకంగా ఇంటి టాకీసే తయారుచేశాడు. వరంగల్‌లో ఇంకెవరికీ లేదని ఊరంతా చాటాడు. తీరా క్యాసెట్ పెడితే, హీరో ఒక్కసారి "అమ్మా" అంటే గది నాలుగుసార్లు అంటోంది. ఒక మాట మీద ఇంకో మాట పడి ఏదీ అర్థం కావడం లేదు.

సాయంత్రం ఆరింటికి మొదటి ఆట. పిలిచినవాళ్ళలో రైస్‌మిల్లు వెంకటరాజం ఉన్నాడు. హనుమకొండలో మొదటి కలర్ టీవీ తనదేనని అడగనివాళ్ళకు కూడా చెప్పుకునే మనిషి. "కిషన్ రావు మనల బాయిల కూసోవెట్టి సినిమా చూపిస్తడట" అని ఇప్పటికే నవ్వుతున్నాడు. ఈ రోజు పరువు పోతే ఆ నవ్వు జీవితాంతం వినాలి. కిషన్ రావుకు ఏడుపొక్కటే తక్కువైంది.

అప్పుడు దిగాడు కాశిబుగ్గ నేతగాడు వీరభద్రం, కుర్చీల ముందు పరచడానికి చెప్పిన రెండు జంపఖానాలు భుజాన వేసుకుని. అరవై దాటిన సన్నటి మనిషి. కిషన్ రావు తన భార్య ఇందిరమ్మతో గోడు వెళ్ళబోసుకుంటుంటే ఎదురుగా నిలబడి అంతా గ్రహించాడు.

"గోడలు పగలగొట్టుడెందుకు సార్? గోడలకు జంపఖానాలు కట్టుండ్రి."

"ఏంది?"

"సప్పుడు బోడ గోడకు తాకి మర్లి వస్తాంది. జంపఖానాకు తాకితె ఆడ్నే ఆగుతది. ఇంటికాడ పదహారు నేసి పెట్టిన. తెమ్మంటె తెస్త."

"జంపఖానాలు కాళ్ళ కింద పరుస్తరు గని గోడలకు కడతరా? చూసినోళ్ళు నవ్వుతరు."

"ఇప్పుడైతె నవ్వకుంట ఉంటరా సార్?"

ఇందిరమ్మ నవ్వు దాచుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిషన్ రావు రిక్షాను పంపించాడు.

జంపఖానాలు వచ్చాయి. "అమ్మా, ఖాళీ చెంబు ఒకటి ఇయ్యుండ్రి" అన్నాడు వీరభద్రం. దాహమనుకుని ఇందిరమ్మ నిండుగా నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను నీళ్ళు బయట పారబోసి వచ్చి, స్పీకర్లు గట్టిగా పెట్టించి, ఆ చెంబును రెండు అరచేతుల మధ్య పట్టుకుని గదంతా తిరగడం మొదలుపెట్టాడు. ఆగిన చోటల్లా గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. వీడికేమైనా పిచ్చా అని కిషన్ రావుకు అనుమానమొచ్చింది.

"ఏమయ్యా, ఆరింటికల్ల అయితదా?" అని వెనక నుంచి అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. లేదు. పనిమంతుల పొగరు ఇంతేనని ఒళ్ళు మండి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఆరింటికల్ల అయితదా అంటున్న."

"అయిదింటికే అయితది. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు వీరభద్రం ఎంతో మర్యాదగా. అలా అంటూ కిషన్ రావు మీసాల వైపే చూశాడు. మధ్యాహ్నం తిన్న పప్పు అంటుకుందేమోనని కిషన్ రావు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"గీ పని ఎక్కడ నేర్చినవు?"

"ముప్పై ఏండ్లు మరమగ్గాల షెడ్డుల చేసిన సార్. ఏ నట్టు లూజయిందో మగ్గం మీద చెయ్యి వెట్టి చెప్పాలె. గా అలవాటే. చెంబు అదిరినా చేతికి గట్లనే తెలుస్తది."

చెక్క పట్టీలు కొట్టి, గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా జంపఖానాలు వేలాడదీశాడు. గీతలున్న చోట రెండు మడతలు. పైకప్పు కింద రెండు, ఉయ్యాలలాగా వదులుగా. స్పీకర్ల కింద నూలు చెత్త కుక్కిన గోనెసంచులు. మళ్ళీ చెంబు పట్టుకుని తిరిగి, చివరికి దాన్ని ఇందిరమ్మకు ఇచ్చేశాడు.

"ఇగ పెట్టుండ్రి సార్."

ఆరింటికి కుర్చీలన్నీ నిండాయి. రంగురంగుల గోడలు చూసి వెంకటరాజం నోరు తెరవబోయాడు. అంతలో లైట్లు ఆరిపోయాయి, సినిమా మొదలైంది. ఒక్కో మాట ముత్యంలా వినిపించింది. హీరోయిన్ గుసగుస చివరి వరుస దాకా వెళ్ళింది. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. కిషన్ రావు ఛాతీ చొక్కా గుండీలు తెగేంత పొంగింది. తన పక్క కుర్చీలోనే వీరభద్రాన్ని బలవంతాన కూర్చోబెట్టుకున్నాడు.

పావుగంటకు వెనక నుంచి వెంకటరాజం గొంతు తగ్గించి అడిగాడు. "కిషన్ రావూ, మా ఇంట్ల గూడ గిట్లనే చేపియ్యాలె. ఎవలు చేసిండ్రు?"

ఈ ఒక్క మాట కోసం కిషన్ రావు ఇంకో ఇల్లయినా కట్టేవాడు. "ఇగో, నా పక్కన కూసున్నడు. వీరభద్రం."

"పెద్దమనిషీ, రేపు మా ఇంటికి వస్తవా?"

వీరభద్రం పలకలేదు. వెంకటరాజం మళ్ళీ బతిమాలాడు. అయినా పలకలేదు. తన శత్రువుకు ఇంతకంటే తగిన జవాబు ఉండదని కిషన్ రావు మురిసిపోయి, వీరభద్రం మోకాలు తట్టాడు. "శభాష్ వీరభద్రం. జిల్లా మొత్తంల నీ అసొంటి చెవి ఇంకెవలికి లేదు."

వీరభద్రం తెర మీది నుంచి చూపు తిప్పి, చీకట్లో అతని మొహం కోసం వెతుక్కున్నాడు.

"ఏమన్నరో జర లైటేసి చెప్పుండ్రి సార్. షెడ్డుల సప్పుడుకు చెవులు పోయి పదేండ్లాయె, మూతి కనవడితేనే నాకు మాట ఇనవడుతది."