ఇంకో ఆరు కిలోలు

“ఇది పేలితే ముక్కలు ఎంత దూరం ఎగురుతాయి?” అందావిడ, బల్ల మీదున్న లిథియం బ్యాటరీని తాకకుండా వేలితో చూపిస్తూ.

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా అదే కొట్టులో బ్యాటరీలు అమ్ముతున్నాడు, బాగు చేస్తున్నాడు. ఎన్నాళ్లొస్తుందని అడిగినవాళ్లున్నారు గానీ, పేలితే ఎంత దూరమని అడిగిన మనిషి ఈవిడే.

“పేలదమ్మా. చిల్లు పడితే మాత్రం భగ్గుమంటుంది” అంటూ ఎడమ అరచెయ్యి చూపించాడు. నిరుడు అలాంటిదే ఒకటి అంటుకుని అక్కడ చర్మం ముడుచుకుపోయింది. అదీగాక, యుద్ధం ఆగి ఆర్నెల్లయినా ఆ ఊళ్లో టైరు పగిలితే ఇప్పటికీ జనం నేల మీద బోర్లా పడిపోతున్నారు. పేలుడు అన్న మాట ఎవరూ పైకి అనరు.

ఆవిడ తెచ్చిన బండి నేల మీద ఉంది. మూరెడు పొడవున్న బొమ్మ యుద్ధట్యాంకు. ఇనుపరేకులు కోసి అతికించి, సైకిల్ గొలుసులతో పట్టాలు అల్లి, కారు వైపర్ మోటార్లు రెండు బిగించిన ఇంటి తయారీ. తుపాకీ గొట్టం ఉండాల్సిన చోట చీపురుపుల్లంత ఏరియల్. బ్యాటరీ గది ఒక్కటే ఖాళీ.

“ఏదైనా పోటీకా అమ్మా?”

“కాదు.”

“పోనీలెండి, లిథియమే పెట్టుకోండి. తేలిక. బండి లేడిపిల్లలా ఉరుకుతుంది.”

“ఉరకొద్దు. మనిషి నడిచినంత నడిస్తే చాలు. బరువైనదే ఇవ్వండి.”

“అందరూ బరువు తగ్గించమంటారమ్మా!”

ఆవిడ బండిని రెండు చేతులా ఎత్తి, పాత బ్యాటరీలు తూచే కాటా మీద పెట్టింది. ముల్లు పన్నెండు దగ్గర ఆగింది.

“ఇంకో ఆరు కిలోలు కావాలి. మొత్తం పద్దెనిమిది. తగ్గకూడదు.”

“దర్జీకి కొలతలిచ్చినట్టు భలే చెప్తున్నారే” అని నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. “రిమోట్ రెండొందల మీటర్లు అందుతుందా? నేను గోడ చాటునుంచి నడపాలి” అంది.

బ్యాటరీల్లో నీళ్లు పోస్తున్న అతని భార్య జగ్గు కింద పెట్టింది. మొగుణ్ణి కళ్లతోనే తెర వెనక్కి పిలిచింది.

“ఏమండీ, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చారా? అది బొమ్మ కాదు, బాంబు మోసే బండి.”

“ఛ, ఊరుకో. పాపం, చూస్తే నెమ్మదస్తురాలిలా ఉంది.”

“ఆవిడ వేళ్లు చూశారా? గోళ్ల సందుల్లో తెల్లటి పొడి.”

మేస్త్రి తెర సందులోంచి చూశాడు. నిజమే. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ మాటిమాటికీ వీధిలోకి చూస్తోంది. అతను తెర సందు మూసేశాడు.

“ఏదో ఒకటి చెప్పి పంపించేస్తా.”

“పంపిస్తే ఇంకో కొట్టుకి పోతుంది. మీరు మాటల్లో పెట్టండి. నేను పోలీసులకి ఫోన్ చేస్తా.”

మేస్త్రి ఆరు కిలోల సీసపు బ్యాటరీ తెచ్చి బండి ముందు కూలబడ్డాడు. వైరు ఒకటి బిగించి తలెత్తాడు.

“ఎక్కడ నడుపుతారమ్మా దీన్ని?”

“వాగు అవతల. మట్టిరోడ్డు మీద.”

“అక్కడ... జనం తిరుగుతారా?”

“సోమవారం నుంచి తిరుగుతారు. పొద్దున్నే నలభై మంది.” కాస్త ఆగి మళ్లీ తనే అంది. “ఈ బండి తునాతునకలైపోవచ్చు. అప్పుడు ఇంకోటి చేసుకోవాలి. ఇలాంటి బ్యాటరీ మళ్లీ దొరుకుతుందిగా?”

మేస్త్రి లేచి వెళ్లి షట్టర్ సగానికి దించాడు. ఏమైనా సరే, ఈ మనిషిని బయటికి వదలకూడదు అనుకున్నాడు.

“కూర్చోండమ్మా. పోలీసులొస్తున్నారు.”

ఆవిడ బండికి అడ్డంగా నిలబడింది. “ఎంత పని చేశారండీ! మొదటి బండి వాళ్లే లాక్కున్నారు. ఇదీ పోతే సోమవారానికి నేనేం చెయ్యను?”

“నలభై మంది ప్రాణాలమ్మా! మీకు మనసెలా ఒప్పింది?”

“వాళ్ల కోసమేగా ఈ పాట్లన్నీ!”

అతనికేమీ అర్థం కాలేదు. “అయితే చెప్పండి. పద్దెనిమిది కిలోలే ఎందుకు?”

ఆవిడ స్టూలు మీద కూర్చుని, బండి మీద చెయ్యి వేసింది.

“మా ఒకటో తరగతి పిల్ల బరువు, పుస్తకాల సంచీతో కలిపి, అంతే. పోయిన నెల చచ్చిపోయింది.”

తెర పక్కన నిలబడ్డ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి వచ్చి బండి కిందికి వంగి చూశాడు.

“ఆ పిల్లకీ ఈ బండికీ ఏంటి సంబంధం? నిజం చెప్పండి, ఇందులో బాంబెక్కడ పెట్టారు?”

“సోమవారం మళ్లీ బడి తెరిచేలోగా, పిల్లలకంటే ముందు ఇది నడవాలి. బాంబులు బండిలో లేవండీ, మా బడిదారిలో పాతిపెట్టి ఉన్నాయి.”