అత్తను బయట కూర్చోబెట్టండి

“ఆ ముసలామెను బయట కూసోబెట్టుమన్న గద ఆండాళ్. మల్ల లోపలికి ఎట్ల అచ్చింది?”

సిస్టర్ దమయంతి గొంతు ఆడవాళ్ల వార్డు చివరిదాకా వినిపించింది. నాందేడ్‌లో నర్సింగ్ చదివే పిల్లలకు ఆమె పాఠాలు చెబుతుంది. రెండో ఏడాది అమ్మాయిలు ముగ్గురు నోటుపుస్తకాలు గుండెలకు అదుముకుని ఆమె వెనక నిలబడ్డారు. ఎదురుగా మంచం మీద, తెలంగాణ సరిహద్దు దగ్గరి హిమాయత్‌నగర్ నుంచి నిన్న వచ్చిన ఇందుబాయి. ఎడమ చేతికి పిండికట్టు, చెంప మీద కమిలిన మచ్చ. కేసు కాగితంలో మాత్రం ‘జారి పడింది’ అని రాసి ఉంది. మంచం పక్కన నేల మీద ఆమె అత్త శివవ్వ కూర్చుని సంత్రాపండు ఒలుస్తోంది.

“పంపిన సిస్టర్. చెంబు మర్చిపోయిన్నని మల్ల అచ్చింది,” అంది ఆ ముగ్గురిలో ఒకతైన ఆండాళ్.

“ఇందాక తువ్వాల అన్నది. అంతకుముందు చాయ్ అన్నది. ఇంకొంచెం సేపైతే మంచమే మర్చిపోయిన్నంటది. అవ్వా, పది నిమిషాలు బయట కూసో. నీ కోడలిని మేం కొరుక్కతినం.”

శివవ్వ లేచింది. ఒలిచిన పండు కోడలి చేతిలో పెట్టి వరండాలోకి పోయింది.

దమయంతి మంచం చుట్టూ తెర లాగింది. ఈ పాఠం పుస్తకాల్లో లేదు. ఇంట్లో దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలో పిల్లలకు నేర్పిస్తానని ఏడాదిపాటు కాలేజీ పెద్దసారు వెంటపడితే, ఆయన వారానికి ఒక గంట ఇచ్చాడు. పోయిన వారం అంతా విప్పి చెప్పింది. ముందు ఇంటివాళ్లను బయటికి పంపాలి. పక్కన కూర్చోవాలి. ఎందుకని నిలదీయకూడదు. ఆమె మాట నమ్మాలి. అందరూ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.

“ఊఁ, మొదలుపెట్టు,” అంది మొదటి అమ్మాయితో.

ఆ అమ్మాయి నిలబడే మరాఠీలో అడిగింది. “నువ్వేం చేశావని కొట్టాడు?”

దమయంతి నుదురు పట్టుకుంది. “నేను రాయించిందేమిటి, నువ్వు అడుగుతున్నదేమిటి? జరుగు,” అని మరాఠీలోనే కసిరింది.

రెండో అమ్మాయి కూర్చోవడమైతే కూర్చుంది. ఇందుబాయి భుజం మీద చెయ్యి వేసి, సంసారమన్నాక ఇలాంటివి ఉంటాయని, పిల్లల మొహం చూసి సర్దుకోవాలని ఓదార్చింది.

“నేను జారి పడ్డ,” అంది ఇందుబాయి.

“చూశావా? సర్దుకోమన్నావు, సర్దుకుంది. లే.”

ఆండాళ్ వంతు వచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కుని, ఇందుబాయి మొహానికి మొహం సమంగా ఉండేలా వంగి కూర్చుంది.

“అక్కా, నువ్వు ఏం చెప్పినా నమ్ముతం. దెబ్బలు పడ్డయంటే అది నీ తప్పు కాదు. చెప్పాలనిపిస్తేనే చెప్పు.”

దమయంతికి ప్రాణం లేచి వచ్చింది. ఒక్కదానికైనా ఎక్కింది.

ఇందుబాయి తెర వైపు చూసింది. “మా అత్తను పిలువుండ్రి,” అంది.

ఆండాళ్ లేవబోయింది. దమయంతి భుజం నొక్కి కూర్చోబెట్టింది.

“ఏడికి? ఎంత భయపడ్తున్నదో కనబడ్తలేదా? అత్త ముందట మొగని సంగతి ఏ కోడలు చెప్తది?”

“పిలువుమన్నది ఆమెనే గద సిస్టర్.”

“గట్ల అనుమని ఇంట్లనే నేర్పి తోలుకచ్చింటరు.”

ఆండాళ్ నోటుపుస్తకం తెరిచింది. “ఆమె మాట నమ్మాలె అని మీరే రాయించిన్రు.”

మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు. దమయంతికి ఒళ్లు మండింది. గొంతు పోయేలా చెబితే పాఠం ఒక్కదానికి ఎక్కింది, అది కూడా తన మీదికే తిరగబడింది.

“పిలువు. ఆమె ముందట ఒక్క ముక్క చెప్తే నా పేరు మార్చుకుంట.”

శివవ్వ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఇందుబాయి కట్టు లేని చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

“చెప్పాల్నా అత్తా?”

“చెప్పు బిడ్డ. ఎన్నొద్దులు దాస్తం?”

ఇందుబాయి ఆండాళ్ వైపు తిరిగింది. “నేను జారి పడలె. మా ఇంటాయన కొట్టిండు. పొయ్యిల కట్టె గుంజి లేపిండు. చెయ్యి అడ్డం పెట్టిన. ఇరిగింది.”

దమయంతి ఆండాళ్ చేతిలోని పుస్తకం లాక్కుంది, తనే రాయడం మొదలుపెట్టింది.

“మరి ఇందాకటి సంది అడిగితే ఎందుకు చెప్పలే?”

“ఎందుకని అడగొద్దు సిస్టర్,” అంది ఆండాళ్ మెల్లగా.

దమయంతి ఆమె వైపు గుడ్లురిమి చూసింది. తర్వాత ఇందుబాయి పక్కకు తిరిగింది. “తప్పు నీది కాదు. డాక్టర్ సారుతోని కాగితం మీద ఉన్నదున్నట్టు రాయిస్త. ఇంటికి ఎప్పుడు పోవాల్నో, అసలు పోవాల్నో వద్దో నువ్వే చెప్పు.”

శివవ్వ మొహం చూడటానికి మాత్రం ఆమెకు కష్టమైంది.

“అవ్వా, ఏమనుకోకు. కొడుకును కాపాడనికి కావలి కూసున్నవనుకున్న. కోడలి కోసం కన్నకొడుకు మీదనే చెప్పిస్తున్నవ్. నీ అసొంటి అత్తలు ఏడుంటరు?”

శివవ్వ తల అడ్డంగా ఊపింది. రవిక చెయ్యి పైకి జరిపింది. మోచేతి నుంచి భుజం దాకా పాతవీ కొత్తవీ కమిలిన మచ్చలు.

“ఇంకో కాగితం తియ్యి బిడ్డ. వాడు కట్టె లేపింది నా మీదికి.”