ఆయన వాడిన తీగ

"ఇది కూడా కాదు బాబూ," అందావిడ.

మెకానిక్ బేస్ గిటార్‌ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఊపిరి వదిలాడు. ఒక్క తీగ కూడా లేకుండా, దుమ్ము కొట్టుకుపోయి వచ్చింది ఆ గిటార్. ఆయన వాయించినప్పుడు ఎలా మోగేదో అలాగే మోగాలని ఆవిడ కోరిక. ఆయన ఏ రకం తీగలు వాడేవాడో ఆవిడకి తెలియదు. వింటే మాత్రం గుర్తుపడుతుందట.

వాయిద్యాల దుకాణం వెనకాల అలమారంత గది అది. ఒకటే తలుపు. ఆ తలుపుకి అడ్డంగా స్టూలు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందావిడ. యాభై దాటి ఉంటాయి. ఆవిడ లేస్తేగానీ అతను బయటపడలేడు. ఆవిడ లేచేలా లేదు.

నాలుగున్నర అయింది. ఐదింటికల్లా అతను ఇల్లు చేరాలి. అతను వెళ్ళి పాపని ఎత్తుకుంటేగానీ భార్య డ్యూటీకి కదల్లేదు.

అన్నిటికన్నా మందపు తీగ ఒక్కటే మార్చి మార్చి వినిపిస్తున్నాడు. ముందు స్టీలుది వేశాడు. కంచం మీద గరిటె పడ్డట్టు ఖంగుమంది. ఆవిడ మొహం చిట్లించింది. తర్వాత నికెల్‌ది. కాస్త మెత్తబడింది.

"మధ్యలో ఆ గీరుడేంటి బాబూ?"

"వేలు జారినప్పుడు వస్తుందమ్మా. ఈ తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టి ఉంటుంది, మెట్లు మెట్లుగా. వేలు వాటికి రాసుకుంటుంది."

"ఆయన దగ్గర ఆ చప్పుడు ఉండేది కాదు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు అడగలేదుగా."

నల్ల నైలాన్ తొడుగున్న తీగ తీశాడు. రబ్బరు బంతి నేలకి తగిలినట్టు బొద్దుగా పలికింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మరీ నానిపోయినట్టుంది."

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. ఆవిడ చటుక్కున నిటారుగా అయింది. "ఆ... మార్కెట్లో ఉన్నా. జనం బాగా ఉన్నారు. వచ్చేస్తున్నా."

మెకానిక్ తల దించుకుని, తుడిచిన తీగనే మళ్ళీ తుడిచాడు.

"ఐదింటికి ఇంట్లో లేకపోతే ఊరుకోరు," అందావిడ, ఫోన్ సంచి అడుగున దాచేస్తూ.

"నాకూ ఐదింటికే పనుందమ్మా."

"అయితే ఇద్దరికీ తొందరే. ఇంకోటి వెయ్యి."

నవ్వాలో ఏడవాలో తెలియక అతను ఇంకో ప్యాకెట్ విప్పాడు. "ఇది పట్టుకు చూడండి. దీనికి చుట్టింది రిబ్బన్‌లాంటి చదును తీగ. గీరుడు ఉండదు."

ఆవిడ వేలితో నిమిరింది. "అద్దంలా ఉంది."

తీగ బిగించి శ్రుతి చేస్తూ అడిగాడు, "ఆయన పోయి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఎనిమిది నెలలు. అప్పట్నించి ఆ ఇంట్లో ఊపిరి ఆడట్లేదు," అంది.

"దీన్నిప్పుడు ఎవరు వాయిస్తారు?"

"నేనే. రెండు మూడు స్వరాలు నేర్చుకున్నా చాలు."

అతను మీటాడు. గుండ్రంగా, లోతుగా ధుమ్మంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. గండం గడిచిందనుకున్నాడు. ఆవిడ కళ్ళు తెరిచింది.

"దగ్గరికొచ్చింది. కానీ ఇది కాదు."

ఈసారి అతని ఫోన్. "బయల్దేరావా?" అంది భార్య.

"వస్తున్నా."

"గంట నుంచీ వస్తూనే ఉన్నావు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నా. ఒకవేళ నువ్వు రాకపోతే నా పరిస్థితేంటో చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. "అమ్మా, కాస్త లేస్తే ముందు గదిలోంచి ఇంకో రకం తెస్తాను," అన్నాడు. లేస్తే అటునుంచి అటే వెళ్ళిపోదామని.

"నువ్వెందుకు, నేను తెస్తా. ఎక్కడుంది?"

చచ్చినట్టు చెప్పాడు. "ఎడమవైపు బీరువా. పసుపు ప్యాకెట్."

ఆవిడ వెళ్ళింది. స్ప్రింగు తలుపు వెనకాలే మూసుకుంది. ఆవిడ వచ్చాక మొదటిసారి అతను ఒక్కడే మిగిలాడు. విసుగంతా వేలిలోకి తెచ్చుకుని, విప్పబోయే ముందు ఆ మందపు తీగని ఒక్కసారి మీటాడు. ఇంకోసారి. ఇంకోసారి.

"అదే," అంది తలుపు అవతలి నుంచి ఆవిడ గొంతు. "ఆపకు బాబూ. అదే."

తలుపు తోసుకుని వచ్చింది. "ఇప్పుడు ఏం వేశావు?"

"ఏమీ వెయ్యలేదమ్మా. ఇందాకటిదే." మళ్ళీ మీటాడు.

ఆవిడ మొహం వాడిపోయింది. "ఇది కాదు."

మెకానిక్ ఆవిడ వంక చూశాడు. గిటార్ బల్ల మీద పెట్టి, నికెల్ తీగ తీసుకుని మళ్ళీ బిగించాడు. "ఒక్క నిమిషం బయట నిలబడండి," అన్నాడు. తలుపు మూసి మీటాడు.

"అదే," అందావిడ బయట్నుంచి.

అతనికి అర్థమైంది. తలుపు మూస్తే ఖంగుమనడాలు, గీరుళ్ళు అన్నీ ఇవతలే ఆగిపోతాయి. అవతలికి ధుమ్ ఒక్కటే దాటుతుంది. ఇందాకట్నుంచీ వెతికింది తీగల్లో లేదు. లేచి తలుపు తీశాడు. ఆవిడ చెంప తలుపుకి ఆనించి నిలబడి ఉంది. చెక్క కదిలేసరికి తడబడి వెనక్కి జరిగింది.

"అమ్మా, ఆయన వాయిస్తుంటే మీరు వేరే గదిలో ఉండి వినేవారా?"

ఆవిడ పమిటతో మొహం తుడుచుకుంది. వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"వేరే ఇంట్లో బాబూ. మా గోడకి అవతల. ఆయన పోయాక సామాను అమ్మేస్తుంటే ఇది కొనుక్కున్నా. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు."